రాత్రి అద్దె

మందసలో బస్సు దిగేసరికి తొమ్మిదిన్నర.
సంచిలో రెండు సీసాల నీళ్ళు, దుప్పటి, టార్చి,
అటుకులు, బెల్లం ముక్క,
పనికొస్తుందో లేదో తెలియని ఒక ఈల.
"ఒక్కర్తివీ ఎక్కడికమ్మా?" కండక్టరు అడిగాడు.
"కొండకి" అన్నాను.
ఏ కొండకి అని అడిగుంటే చెప్పలేకపోయేదాన్ని.

పదకొండేళ్ళుగా పలాసలో జీడిపప్పు ఏరుతున్నాను.
గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఒక పక్క.
బల్లకి అటూ ఇటూ నలభై మంది ఆడవాళ్ళం,
వెనక కటింగు మిషన్లు,
పైన రేడియో, అన్నిటికీ పైన ఓనరు గొంతు.
ఏ చప్పుడూ లేని రాత్రి ఒక్కటి కావాలనిపించింది.
ఇంట్లో చెబితే నవ్వారు.
చెల్లెలు మాత్రం తన బూట్లిచ్చింది,
అరసైజు పెద్దవి.

జీడితోటలు దాటాక దారి సన్నబడింది.
ఎర్రమట్టి, తర్వాత రాయి,
ఆ తర్వాత, దారేనని నమ్మాల్సిన గడ్డి.
ఒకచోట ఎలుగు పెంట,
నిండా సీతాఫలం గింజలు, నల్లగా, తడిగా.
పారిపోవాల్సింది పోయి వంగి చూశాను.
విరిగినవెన్నో చేతులు లెక్కకడుతున్నాయి.

మూడుసార్లు దారి తప్పాను.
మూడోసారి తప్పినచోటే గెడ్డ దొరికింది.
చల్లటి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని
చెల్లెలి బూట్లిచ్చిన పొక్కుల్ని చూసుకున్నాను.

పొద్దు వాలేవేళకి కొండవాలున కందిచేను,
చేను నడిమిన నాలుగు గుంజలమీద గడ్డిపాక.
నిచ్చెన కింద సవర ఎండయ్య.
తన మాటలో ఏదో అడిగి, నా మొహం చూసి
తెలుగులోకి దిగాడు.
నా వేళ్ళ సందుల్లో పాత జీడినూనె మచ్చలు చూశాడు.
"జీడి చేతులా?
ఈ యేడు మా గింజ కేజీ ఎంతకి ఎత్తుకెళ్ళారో ఎరుకేనా?"
ఎరుకే.
మా ఓనరు పప్పు ఎంతకి అమ్మాడో కూడా ఎరుకే.
రెండూ చెప్పలేదు.

రాత్రికి ఉండనిస్తావా అన్నాను.
"ఉండు. నాకు ఒల్లు కాలిపోతంది, ఊల్లోకెల్లి తొంగుంటాను.
అద్దె ఏటీ వద్దు.
పందులొస్తాయి, డబ్బా కొట్టాల.
నిద్దరొస్తే లేసి కొట్టాల. అంతే."

పాక వాసానికి వేలాడుతూ నూనె డబ్బా, పక్కన కర్ర.
నిశ్శబ్దం కోసం పొద్దంతా నడిచొచ్చి
చప్పుడుకి కూలి కుదిరాను.

చీకటి పడ్డాక తూర్పున, చాలా కింద,
హౌరా లైనుమీద ఒక రైలు
అగ్గిపుల్ల గీసినట్టు వెలిగి పోయింది.
దాని మోత ఇంత పైకి రాలేదు.

మొదటిసారి సిగ్గుపడుతూ కొట్టాను,
ఎవరింటి తలుపో తట్టినట్టు.
రెండోసారి గట్టిగా.
అప్పుడు లోయ అవతల, ఎక్కడో,
ఇంకో డబ్బా పలికింది.
దానికి ఎగువన మరొకటి.
మూడోది ఎంత దూరమంటే
నా చెవిలోనే మోగిందేమో.

రెండు దెబ్బలు, ఆగి, ఒకటి. ఎగువ పాక తీరది.
ముసలివాడో, నాలాంటి ఆడదో.
అర్ధరాత్రికి నా కర్ర కూడా
రెండు కొట్టి, ఆగి, ఒకటి కొడుతోంది.

ఎప్పుడు నిద్రపోయానో తెలీదు.
మెలకువొచ్చేసరికి ఎగువ డబ్బా ఆగకుండా మోగుతోంది.
పందుల్ని తోలడానికి కాదు, నన్ను లేపడానికి.
కర్ర చేతికి దొరకలేదు.
చెల్లెలి బూటు తీసి కొట్టాను.
కింద చేలో ఏదో బరువుగా, మొక్కలు విరుచుకుంటూ పోయింది.
పందో, ఎలుగో.
ఈల సంగతి గుర్తే రాలేదు.

తెల్లారి చూస్తే పది బారల మేర కంది నేలకి పడుంది.
ఎండయ్య వచ్చాడు, దుప్పటి కప్పుకునే.
పడ్డ మొక్కల్ని చూశాడు, నన్ను చూశాడు,
ఏమీ అనకుండా గొంతుకూర్చుని
కాయలు తడిమి తెంపసాగాడు.
పనికొచ్చేవి ఒక పక్క, పనికిరానివి ఒక పక్క.
నేనూ కూర్చున్నాను.
ఆ పని నాకొచ్చు.

కాసేపయ్యాక, తలెత్తకుండా,
మా ఓనరు పప్పు అమ్మిన ధర చెప్పాను.
ఆయన చెయ్యి ఆగింది.
"ఏటీ?" అన్నాడు.
మళ్ళీ చెప్పాను,
ఈసారి గట్టిగా.