టేర్

జిగణి రోడ్డులో మా వేబ్రిడ్జి.
గ్రానైటు లారీ ఎక్కుతుంది, ఎర్రంకె వెలుగుతుంది,
చీటీ చింపి ఇస్తాను.
పన్నెండేళ్లుగా నా పని ఇంతే:
నిండు బరువులోంచి ఖాళీ బండిని తీసేయడం.

రాత్రి కాపలా చౌడప్ప మామది.
పదకొండు దాటి లారీలు పలచబడ్డాక
బీడీ ముట్టిస్తాడు,
పందిని తోలుకొస్తాడు.

"బన్నేరుగట్ట అడవంచున మా రాగి చేను.
వెన్నులు పాలు పోసుకునే దినాలు.
మంచె మీద నేను, కింద నా కుక్క కెంచ.
వచ్చింది చూడప్పా,
పందా అది? బండ లేచి నడిచినట్టుండె!
ఒంటిగొట్టం తుపాకి, ఒకటే దెబ్బ.
మోసేదానికి ఎనిమిది మంది,
గడ నడిమికి విరిగె.
మూడొందల కేజీలు!"

నేను చేరిన ఏడు మూడొందలు.
మరుసటి ఉగాదికి మూడొందల యాభై.
మెట్రో స్తంభాలు లేచేసరికి నాలుగొందలు,
కోరలు మూరెడు,
మోసినవాళ్లు పన్నెండుగురు,
వాళ్లలో ఇద్దరు అప్పటికి పుట్టనే లేదు.

ఫోటో ఉంది, పాల కవర్లో చుట్టి.
ముందు పంది,
కెమెరాకి ముట్టె తగిలేంత దగ్గర.
పదడుగులు వెనక్కి జరిగి
గొంతుక్కూర్చున్న మనుషులు, బొమ్మలంత.
నీళ్ల పీపా నింపుకొచ్చి
ఖాళీ బండని తూయించే డ్రైవర్లని చూసినదాన్ని,
నవ్వి ఊరుకునేదాన్ని.

మొన్న మామకి జ్వరం.
రాడని చెప్పడానికి మారెక్క వచ్చింది.
ఊరికే, నాలుగొందల పంది మాట తీశాను.
నవ్వలేదు.
కొంగుతో కుర్చీ తుడిచి, కూర్చోలేదు.

"మగపందని చెప్పెనా?
పట్టుగూళ్ల కాటా తెచ్చి మేమే తూస్తిమి.
ఆరు మణుగులు.
కోసింది నేను.
కడుపులో ఏడు.
దోసకాయ చారలు, ఇంకా తెరవని కండ్లు.
వాటిని ఎవరూ తూయలేదు.
ఆయప్ప కూర ముట్టలే.
గట్టు కింద తవ్వి పెట్టొచ్చినాడు.
మర్నాడు తుపాకి కుదువ పెట్టె, విడిపించనే లే.
ఆ పొద్దు నుంచే
పంది పెరగబట్టింది."

ఆ చేనిప్పుడు లేఔటు.
గట్టున్న చోట పిల్లల ఉయ్యాలలు,
గోడ బయట చెత్త కుప్ప.
అడవి మాత్రం పాత దారి మరవలేదు.

నిన్న రాత్రి రెండున్నర.
రోడ్డు మీద ఒక్క లారీ లేదు.
సున్నా కదిలింది.
ఇరవై.
ఆగి, అరవై.
ఎనభై.
కిటికీ తీసి చూస్తే
ఇనుప పలక నడిమిలో ఒక నలుపు,
ముట్టె ఎత్తి గాలిని వాసన చూస్తోంది.
వెనక చిన్నవి, ఒకదాని మీద ఒకటి పడుతూ.
ఐదు వరకూ లెక్కపెట్టాను.
కుర్చీ కిర్రుమంది.
మళ్లీ సున్నా.

ఎప్పుడు నొక్కానో మీట,
చీటీ మాత్రం వచ్చింది.
బండి నంబరు లేదు.
సరుకు పేరు లేదు.
నిండు బరువు ఎనభై.
టేర్ ఎంతో చెప్పమని
మిషను తెల్లవార్లూ మిణుకుతూనే ఉంది.

పొద్దున్నే మామ వచ్చాడు,
జ్వరం తగ్గిన మొహం, చెవులకి మఫ్లరు.
చేతిలో చీటీ పెట్టి, జరిగింది చెప్పాను.
వెలుతురుకి ఎత్తి పట్టి చూశాడు.
"తల్లొకటేనా?
పిల్లలతో కలిపా?"
"కలిపే."
నాలుగు మడతలు పెట్టి
పాల కవర్లోకి, ఫోటో పక్కకి తోశాడు.

టీ వచ్చింది.
కొత్త క్లీనరు కుర్రాడొకడు
ఏ ఊరివాడో, చలికి ముడుచుకుని
మా బెంచీ చివర కూర్చున్నాడు.
మామ వాడి వైపు జరిగి, బీడీ ముట్టించి,
నా వైపు చూడకుండా చెప్పాడు:
"నాలుగొందల ఎనభై కేజీలప్పా.
చీటీ ఉంది."