బుడగ

ఒటాకర్ ముందున్నది ప్లాస్టిక్ సీసా.
సగానికి నీళ్లు. నీళ్లలో బెత్తెడు లోతుకి దిగిన గొట్టం.
"ముక్కుతో పీల్చండి, గొట్టంలోకి వదలండి.
మెల్లగా. చారు చల్లార్చుకున్నట్టు.
బుడగలు రావాలి, అంతే" అంది హెడ్వికా,
ఆసుపత్రిలో ఊపిరి నేర్పే పిల్ల.
ఆయనకి ఊదడం నేర్పుతోంది!
నేను కిటికీ వైపు తిరిగాను.
బొహీమియా కొండల మీద మంచు పడుతూనే ఉంది.

ఇరవై రెండేళ్లు ఆయనకి అచ్చు పట్టినవాణ్ణి నేను.
కొలిమి ముందు గొంతుక్కూర్చుని
నీళ్లలో నానిన చెక్క అచ్చు మూసి పట్టుకుంటే
ఇనుప గొట్టం వెంట, కరిగిన గాజులోకి,
పైనుంచి ఆయన ఊపిరి దిగేది.
చెక్కలోంచి నా అరచేతులకి తెలిసేది
ఎంత ఊదాడో, ఎక్కడ ఆపాడో,
పొద్దున్నే పెళ్లాంతో పోట్లాడి వచ్చాడో లేదో కూడా.
"తెరువు" అనేవాడు. తెరిచేవాణ్ణి.
ఆవిరి, కాలిన చెక్క వాసన, ఒక గ్లాసు.

చల్లారాక వెలుగుకి అడ్డం పెట్టి తిప్పేవాడు.
గోడలో ఆవగింజంత బుడగ ఉన్నా చాలు,
"లోపల చేపేమన్నా ఉందట్రా, ఊపిరి తీయడానికి?"
భళ్లుమని తొట్టిలోకి.
ఆ తొట్టి మోసింది కూడా నేనే.

జనవరిలో న్యుమోనియా. రెండు వైపులా.
పదకొండు రోజులు యంత్రమే ఆయన కోసం ఊదింది.
గొంతులోంచి గొట్టం తీశాక, మాట రాక ముందు,
కాగితం మీద వంకరగా రాసి చూపించాడు:
దానికి పని రాదు. అన్నీ ఒకే కొలత.

ఇప్పుడు పెదవులు బిగించి ఊదాడు.
గొట్టంలో నీళ్లు వేలెడు దిగాయి,
మళ్లీ ఎక్కాయి.
మళ్లీ ఊదాడు.
మెడ నరాలు లేచాయి, చెవులు ఎర్రబడ్డాయి.
అది కొలిమి ఎరుపు కాదు.
మూడోసారికి, అడుగున,
బఠాణీ గింజంత గాలి గొట్టం అంచున వేలాడి
ఉండాలా వద్దా అనుకుని
పైకొచ్చి పగిలింది.

"ఒకటి!" అంది హెడ్వికా.

ఆయన సీసా ఎత్తాడు, చెయ్యి వణుకుతోంది,
కిటికీ వెలుగుకి అడ్డం పెట్టాడు. తిప్పాడు.
"చెడిపోయింది" అన్నాడు నాతో. "పారెయ్."
నేను నవ్వాను. ఆయనా నవ్వాడు.
నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు,
ఎక్కడో అడుగున పట్టేసిందేదో కదిలి
చిక్కగా, పచ్చగా గిన్నెలో పడింది.
"అదీ! అదే కావాలి నాకు" అంది ఆ పిల్ల,
ముత్యం దొరికినట్టు గిన్నెలోకి చూస్తూ.

మధ్యాహ్నం ఇంకో విడత. పది ఊపిరులు.
ఆయన చేతులు ఆగడం లేదని
సీసా నేను పట్టుకున్నాను, మంచం పక్కన, మోకాళ్ల మీద.
పల్చటి ప్లాస్టిక్‌లోంచి అరచేతుల్లోకి గుడగుడ.
పొట్టిది. పొట్టిది. కాస్త పొడుగు.
ఆరో దానికి భయపడ్డాడు, తెలిసింది.
ఎనిమిదికి ఎవరి మీదో కోపం వచ్చింది.
పది అయిపోయాయి. హెడ్వికా చీటీలో రాసుకుని వెళ్లిపోయింది.
సీసా పట్టుకునే ఉన్నాను.
తెరవమని ఆయన ఇంకా అనలేదు.