పక్కా రంగు

మంగళవారం కాలవలో పారింది నాదే.
కుంకుమ కాదు, చెక్క ఉడికించిన ఎరుపూ కాదు,
డబ్బా మీద నెంబరున్న ఎరుపు.
బరంపురంలో మా వీధి పిల్లలకి క్యాలెండరక్కర్లేదు:
కాలవ పసుపైతే పెళ్ళిళ్ళ ఆర్డర్లు,
నలుపైతే అంచులు.

బూట్లు తడవకుండా పాత్రోబంద గట్టున వంగి
మునిసిపాలిటీ కుర్రాడొకడు
సీసా ముంచి ఎండకెత్తాడు.
"ఇటా కి రొంగొ?" తనలో తనే.
నేను పక్కనే ఉన్నాను.
సబ్బెంత, ఆసిడెంత, ఎన్ని ఉడుకులో,
ఆ పట్టు ఎవరి మగ్గమెక్కిందో
అన్నీ చెప్పగలను.
చీర పెళ్ళికూతురిదైంది,
కడిగిన నీళ్ళకే వారసులు లేరు.

అవతల ఖెత్రొ బెహెరా వల దులిపాడు.
నాలుగు జెల్లలు, ఒక ప్లాస్టిక్ చెప్పు.
జెల్లల పొట్టలు అప్పటికే పైకి తిరిగున్నాయి.
ఆ వలకి మాసికలన్నీ మా ఇంటి తెగిన పోగులే.
ఏమీ అనలేదు. నా గోళ్ళు చూశాడు.
చేతులు కొంగులోకి లాక్కున్నాను.

పక్కా రంగంటే చీరని వదలనిదే
అనేవాడు మా నాయిన.
చెరువుని వదలనిదాన్ని ఏమంటారో
చెప్పకుండానే పోయాడు.

సీసాకి చీటీ అంటిస్తూ
"నామొ?" అన్నాడు కుర్రాడు.
చెరువు పేరే అడిగాడు, నాకు తెలుసు.
"కూర్మమ్మ" అన్నాను.
రాసుకున్నాడు, ఒక మకారం తక్కువగా.

ఇంటికొచ్చి
పొయ్యి రాజేశాను.
రేపటి పట్టు నానుతోంది.
రేపు ఆకుపచ్చ.