పెన్సిల్ పొడవు

అడిక్‌మెట్ వంతెన దిగి ఎడమకి తిరిగితే మా కొట్టు.
జిరాక్సు రెండు రూపాయలు, లామినేషన్ ఇరవై.
షట్టర్ పక్కన మూరెడు గోడ
అద్దెలో కలిసొచ్చింది.

సోమవారం సోమవారం దాని మీద ఒక కాగితం అంటిస్తాను.
చేత్తో రాసి, మిషన్లో పెద్దది చేసి,
గల్లీలో ఏం జరిగిందో,
ఏమీ జరక్కపోతే అదీ.
మొదటి వారం ఇలా రాశాను:
నల్లా నీళ్లు తెల్లారి ఐదుంపావుకి వస్తున్నాయి,
బిందెల కన్నా ముందు లేచేది
ఇస్త్రీ బుగ్గయ్య కోడిపుంజు ఒక్కటే.

ఎవరూ చదవలేదు.
ఎలా తెలుసంటే
కౌంటర్ వెనక నుంచి చూస్తూనే ఉన్నాను,
గిరాకీలకు చిల్లర తప్పులిస్తూ.

రెండో వారం దాని మీద ట్యూషన్ల పోస్టరు పడింది.
మూడో వారం వాన.
నాలుగోది మేక తింది.
నెమ్మదిగా, శ్రద్ధగా,
ఒక్క ఒత్తు కూడా వదలకుండా తింది.
ఆ నెలకి నాకు దక్కిన మెప్పు అంతే.

"టోనరు ఖర్చు రాసుకున్నావా?" అన్నాడు మా ఆయన.
రాసుకున్నాను. వారానికి రూపాయి లోపే.
ఆదివారం రాత్రి గిన్నెలు తోమాక మిగిలే
ఆ ఒక్క గంటని
ఏ గడిలో రాయాలో తెలియక వదిలేశాను.

మధ్యలో ఒకసారి తెలివికి పోయాను.
"మీకు తెలుసా?" అని
బారెడు అక్షరాలతో మొదలుపెట్టాను.
నలుగురు ఆగారు.
తెలిసిందేగా అనుకుంటూ పోయారు.
మరుసటి వారం ఆగనైనా ఆగలేదు.
ఆ కాగితం నేనే చింపేశాను.
మళ్లీ మామూలు అక్షరాలు,
మళ్లీ కోడిపుంజు, కరెంటు తీగ మీద గాలిపటం,
మూడో అంతస్తు నుంచి తాడుతో దిగే కూరగాయల బుట్ట.

పద్దెనిమిదో వారం మృగశిర కార్తె.
రాంనగర్ మార్కెట్లో చేపల ధరలు రాశాను,
బొచ్చె ఇంత, రవ్వ ఇంత,
కొర్రమీను కావలసినంత దొరుకుతోందని.
రాత్రి షట్టర్ సగం దించి చూద్దును కదా,
కొర్రమీను మీద అడ్డంగా గీత.
పక్కన ఎర్ర రీఫిల్‌తో ఎవరో:
"తప్పు. పొద్దుగాల ఆరింటికే అయిపోయినయ్."

సగం షట్టర్ కింద వంగే నిలబడ్డాను చాలాసేపు.
ఇంట్లో చూపిస్తే,
"నీ తప్పు పట్టారు కదే" అన్నాడు మా ఆయన.
పట్టాలంటే అంతదాకా చదవాలిగా!

మర్నాడు పెన్సిలుకి పురికొస కట్టి
మేకుకి వేలాడదీశాను.
రెండు రోజుల్లో పోయింది.
ఇంకోటి కట్టాను, అదీ పోయింది.
మూడోది ఎందుకో ఉండిపోయింది.

ఒకరోజు మార్జిన్లో ఉర్దూ కనిపించింది.
స్టవ్వులు బాగుచేసే నఫీసుద్దీన్ చాచాని పిలిచి చదవమన్నాను.
ఆయన చదవకుండా ముందు నవ్వాడు,
"ఇది మా బేగం రాత.
బుట్ట దించే తాడు తనదేనట,
నీలం రంగని రాయలేదేమని కోపం."
ఇంకెవరో పిల్లలు,
"మా పిల్లి గురించి రాయండి" అని, కింద చిరునామా.
వెళ్లి చూసొచ్చి రాశాను.
దానికి ఒక చెవి లేదు.

రెండేళ్లయింది.
చుట్టం చూపుగా వచ్చిన మా మరిది
"ఎంతమంది చదువుతారు వదినా?" అని అడిగాడు.
నాకేం తెలుసు?
నాకు పెన్సిల్ పొడవు తెలుసు.
మొదట్లో ఒకటి మూడు నెలలు వచ్చేది.
ఇప్పుడు పదిహేను రోజులకే
వేళ్లకి చిక్కనంత మొక్క అవుతోంది.
ఆ మొక్కలన్నీ డ్రాయరులో,
పాత క్లిప్పుల డబ్బాలో దాచాను.
డబ్బా ఇంకా నిండలేదు.

ఈ సోమవారం పొద్దున
మైదా జిగురు గిన్నెతో వచ్చి చూస్తే
మేకుకి కొత్త పెన్సిల్ ఉంది,
మొన ముందే చెక్కి.
నేను కట్టింది కాదు.
నేనెప్పుడూ ఒంటి ముడే వేస్తాను.
ఇది, రెండుసార్లు తిప్పి లాగి,
ఎవరో బిగించి వేసిన ముడి.