బాణం చెయ్యిగా మారే చోటు

బేతంచెర్లలో షేక్షావలి కంప్యూటర్ల షాపు.
గంటకు పదిహేను. సీడీ నిండా గీతలు,
గీతల కింద ఈజిప్టు.

నేనూ మద్దిలేటీ ఒకే స్టూలు మీద చెరో సగం.
సమాధి తలుపు మీద గద్ద, కన్ను, పేడపురుగు, నీళ్ల అల.
ఏ వరసలో నొక్కినా ఇసుక రాలేది,
తలుపు కదిలేది కాదు.

మౌసు మొరాయిస్తే షేక్షావలి దాన్ని బోర్లించి
కడుపులోని గుండు తీసి లుంగీకి తుడిచేవాడు.
నాపరాయి పొడి.
మా ఊళ్లో అన్నంలోనూ అదే.

మూడోవారం మద్దిలేటి వాళ్ల నాయనను పిలుచుకొచ్చాడు,
పాలిషు ఫ్యాక్టరీ నుంచి అట్లే, కనురెప్పల దాకా తెల్లగా.
ఆయన బొమ్మల దిక్కే చూడలేదు.
"ఆ మూల బండకు సందులో సున్నం లేదు సూడు.
దాన్ని తొయ్యండప్పా."

బాణం అక్కడికి పోయి
చెయ్యిగా మారింది.
బండ జరిగింది. లోపల మెట్లు, కిందికి

కరెంటు పోయింది.

"సేవ్ చేసినార్రా?" చీకట్లో షేక్షావలి.
మేం పలకలేదు.
ఆయన మాత్రం ఇంకా వెచ్చగా ఉన్న గాజును
వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి
చెవి పెట్టి విన్నాడు.
"గుల్లే. లోపల చానా దూరముంది."