వేలుమందం

సిరోంచల మా ఇంటి దర్వాజకు
కుడి దిక్కు చెక్క మీద
బొగ్గు గీతలున్నయి.
పిల్లలు పెరిగిన గీతలు కావు.

చేతికట్టె చేయించుకోవచ్చినోళ్లను
మా నాయిన మొగిలిచారి అక్కడ నిలబెడ్తడు.
చేతులు జారవిడువుమంటడు.
"ఊపిరి బిగవట్టకు, పెండ్లిచూపులా ఏమన్ననా" అంటడు.
మణికట్టు కాడ గీత గీసి
పక్కన పేరు రాయడు,
అడిగిన జంతువును గీస్తడు.

నక్క, అర్జీలు రాసే దుర్గం గట్టయ్యది.
నక్కనే కావాల్నని తనే అడిగిండు.
తెలుగుల విని మరాఠీల రాసేటోనికి
రెండు దిక్కుల చెవులుండాలె గద అని.
నెమలి బూదక్కది.
అడవిపంది తలండి జోగాది.
కోరలు మాత్రం చెయ్యొద్దన్నడు,
ఎందుకో చెప్పలే.
నాయిన అడుగలే.

మొసలి కావాల్నన్నది పడవ ఓదెలు.
ముప్పై ఏండ్లు ప్రాణహిత దాటించి
వంతెన పడ్డంక
ఒడ్డు మీద కూసునుడు నేర్సుకున్నోడు.
అతని కోసం నాయిన
నాలుగు నెలలు కొమ్మ దేవులాడిండు.
లేతగున్నప్పుడే తీగ చుట్టుకుని
పెరిగినన్ని దినాలు పిసికి పిసికి పెట్టిన
తునికి కొమ్మ.
తీగ ఊడబెరికితే
కిందికెల్లి మీదికి సుడి తిరిగిన గాడి.
"ఇగో, ఇది నీళ్లు" అన్నడు నాయిన.
"నెత్తి మీద మొసలిని పెడితే అయిపాయె."

చెక్కుడు నాయినది, నున్నజేసుడు నాది.
బర్రెంకాకుతోని రుద్దుత.
ఆకు మెత్తబడితే ఇంకో ఆకు.
ఉలి పోనికాడికి ఆకు పోతది,
నక్క చెవుల సందుకు,
నెమలి మెడ కిందికి.
కట్టె నున్నగయితది, వేళ్లూ నున్నగయితయి.
రేషన్ దుకాణంల వేలిముద్ర మిషను
నన్ను గుర్తువట్టది.
ఊరంత గుర్తువట్టి
"మొగిలిచారి బిడ్డే, బియ్యం పొయ్యి" అంటది.

మొసలి వీపు నేను ఎక్కువ రుద్దినట్లున్న.
ఓదెలు తడిమి చూసి నవ్విండు.
"ముసలి మొసలి. నాకు జోడే."

మూడు వానకాలాలు పోయినంక మళ్లొచ్చిండు.
"మొగిలీ, నీ కట్టె పెరిగిందిరా" అన్నడు.
నాయిన కట్టె దిక్కు చూడలే, ఓదెలు దిక్కు చూసిండు.
"పెరగదా మరి. నిరుడు వానలు గట్టిగ పడె" అన్నడు.
పాత గీత కాడ నిలబెట్టిండు.
మణికట్టు గీతకు వేలుమందం కింద ఆగింది.
ఇద్దరూ చూసిన్రు.
బయట ఎవరిదో బండి స్టార్టు గాక
దగ్గుతనే ఉన్నది.
నాయిన రంపం అందుకుని
కట్టెకు అడుగున వేలుమందం కోసిండు.
మొసలి నోరు తెరుచుకునే ఉన్నది,
దానికేం తెల్వదు.

అట్ల కోసిన బిళ్లలన్ని
ఒక డాల్డా డబ్బల ఏస్తడు.
గట్టయ్యవి రెండు, బూదక్కవి మూడు.
జోగాది ఒక్కటే, జోగా మళ్ల రాలే.
ఎండకాలం మా తమ్ముని పిల్లలు
వాటితోని పచ్చీసు ఆడుతరు.
ఊరోళ్లు పోగొట్టుకున్న ఎత్తు
గడి గడి జరుగుతది,
కొన్ని పండుతయి,
కొన్ని సచ్చి మళ్ల మొదటికొస్తయి,
పిల్లలు కొట్లాడుకుంటరు.

మొన్న పొద్దుగాల
నాయిన దర్వాజ కాడ నిలబడి ఉన్నడు.
ఎవరన్న వచ్చిన్రేమో అనుకున్న.
ఎవరు లేరు.
బొగ్గు నా చేతికిచ్చిండు.
చేతులు జారవిడిచిండు.
"ఊపిరి బిగవట్టకు" అన్న.
నవ్వలే.
"ఏ జంతువు?" అన్న.
"ముందు గీత గియ్యి."

గీత వేలుమందం మీదికే గీసిన.
నలభై ఏండ్లు గీసినోనికి తెల్వదా.
ఒక్క తీరుగ దాని దిక్కు చూసి
"తునికి ఎండనీకి ఏడాది పడ్తది" అన్నడు.
చెప్పులు తొడుక్కొని
కొమ్మ చూసొస్తనని
అడివి దిక్కు పోయిండు.