పంటి గుర్తులు

ఖోర్ ఫక్కాన్ రేవు వెనక సందులో
మా షాపుకి కిటికీ లేదు.
సముద్రమే నా దగ్గరికి
ప్లాస్టిక్ టబ్బుల్లో వస్తుంది
ఉప్పు కట్టి, ఇసుక కరిచి,
మెడలో టోకెన్ నంబరు వేసుకుని.

పన్నెండేళ్ళుగా రెగ్యులేటర్లు విప్పుతున్నాను,
వెనిగర్‌లో నానబెట్టి, తుడిచి, బిగిస్తున్నాను.
నీళ్ళ కింద ఊపిరందించే ఈ పిడికెడు యంత్రం
లోపల ఎలా ఉంటుందో
దాన్ని ప్రేమించేవాళ్ళెవరికీ తెలీదు.

నెరిట్టో ఇటలీది.
పెళ్ళికొడుకులా మెరుస్తూ దిగుతుంది.
రెండేళ్ళకో కొత్త మూత,
ఆ మూతకో కొత్త స్పానరు,
ఆ స్పానరు నా నెల జీతంలో మూడో వంతు.
అయినా ఉన్న మాట చెప్పాలి,
నిద్రలో పసిబిడ్డ పీల్చినంత పీలిస్తే చాలు
తలుపు తీస్తుంది.

హాల్‌బెర్గ్ ఇత్తడి ముద్ద.
ఇరవై ఏళ్ళుగా అదే స్ప్రింగు, అదే మర,
కళ్ళు మూసుకుని విప్పుతాను.
కడుపునిండా ఇసుకతో వచ్చినా
"ఇప్పుడేమైందని?" అన్నట్టు చూస్తుంది.

సుగాయా గురించి ఎవరూ మాట్లాడరు.
అద్దెకిచ్చేవన్నీ అవే.
రోజుకి నాలుగు నోళ్ళు మారి
చెడిపోవడం చేతకాక పనిచేస్తుంటాయి.

ఇక భక్తులు.
శనివారం పొద్దున్న కౌంటరు దగ్గర చూడాలి.
బ్యాంకు కురువిల్లా జబ్బ మీద
నెరిట్టో గుర్తు పచ్చబొట్టు.
జుమానా టీచరమ్మని
పాత హాల్‌బెర్గ్ ఇచ్చేసి కొత్తది తీసుకోమంటే
చెప్పు తీసినంత పని చేసింది.
రిలీజు రోజు ఒకే గోడకి
రెండు పోస్టర్లు అంటించడానికొచ్చిన
మా భీమిలి కుర్రాళ్ళు గుర్తొస్తారు.

వాళ్ళు అక్కడ కొట్టుకుంటుంటే
ఇక్కడ నా బల్ల మీద, ఒకే ట్రేలో,
రెండూ మూతలు ఊడి పక్కపక్కన పడుంటాయి.
రెండింటికీ ఓ-రింగులు
ఒకే డబ్బాలోంచి తీస్తాను.
ఆ సంగతి చెప్పను.

ఇంకొకటీ చెప్పను.
మౌత్‌పీస్ రబ్బరు మీద పంటి గుర్తులు.
ముప్పై మీటర్ల కథలు చెప్పే కురువిల్లాది
ఎడమ దవడ వైపు తెగేదాకా కొరికి ఉంటుంది.
టీచరమ్మది గీత కూడా పడదు,
పెదవులతో పట్టుకుంటుంది కాబోలు,
వేడి టీ గ్లాసు అంచులా.
కొత్త రబ్బరు తొడుగుతాను.
పాతది చెత్తబుట్టలోకి, మారు మాట లేకుండా.

ఖమీస్ ముసలాయన ఓ సాయంత్రం
జేబులోంచి చేతిరుమాలు విప్పాడు.
తాబేటి చిప్పతో చేసిన ముక్కుపట్టీ.
ముత్యాలకి దిగే కాలంలో వాళ్ళ తాతది.
తిప్పి తిప్పి చూసి "ఏ కంపెనీ?" అన్నాను నవ్వుతూ.
"సాలిం" అన్నాడు.
"తాడు పట్టినవాడి పేరు.
వాడికి జ్వరమొస్తే
ఆ రోజు మా తాత నీళ్ళు ముట్టలేదు."

నేను జాలరి పుట్టుక పుట్టినవాణ్ణి.
ఎనిమిదేళ్ళకే ఊపిరి బిగబట్టి
మునిగిన లంగరు ముడి విప్పినవాణ్ణి.
ఇక్కడ దిగాలంటే కార్డు కావాలట,
కార్డుకి ఫీజు, ఫీజుకి రెండు నెలలు.

పారేసిన వాటిలోంచి ఒకటి కట్టుకున్నాను.
హాల్‌బెర్గ్ ఒళ్ళు, నెరిట్టో నాలుక,
సుగాయా గొట్టం.
కురువిల్లా చూస్తే అపచారం అంటాడు.
టీచరమ్మ చూస్తే చెప్పక్కర్లేదు.

రాత్రి రెండో ఆట వదిలే వేళప్పుడు
పాత జెట్టీ మెట్ల దగ్గర దిగాను.
నా నడుముకి కట్టిన తాడు రెండో కొస
బొటనవేలికి చుట్టుకుని
రొడెల్ గట్టు మీద ఫోను చూసుకుంటున్నాడు.
నాలుగు మీటర్లు.
చీకటి. నా ఊపిరి చప్పుడు,
ఎవరో పక్కన కూర్చుని రంపం కోస్తున్నట్టు.
ఓసారి తాడు కదిపాను.
కాసేపటికి, తీరిగ్గా, తిరిగి కదిలింది.

పైకొచ్చి, రొడెల్ ఫోను వెలుగులో
మౌత్‌పీస్ తిప్పి చూసుకున్నాను.
ఎడమ వైపు.
కురువిల్లా కంటే లోతుగా ఉన్నాయి.